రుమటాయిడ్ ఆర్థరైటిస్: ‘తెల్లవాళ్ళ డోసు మన ఒంటికి పడదు’ అంటున్నారు, నిజమేనా?

గోదారిపిల్ల | బర్మింగ్‌హామ్

అందరికీ నమస్కారం. సొంతూరు తణుకు, ఉండేది ఇంగ్లండ్‌లో. వయసు 41. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఆర్‌ఏ, కీళ్ళు వాచే జబ్బు) అని తేలి ఏడాది దాటింది. యాంటీ సీసీపీ (ఈ జబ్బుకి చేసే రక్తపరీక్ష) బాగా ఎక్కువ వచ్చింది. మెథోట్రెక్సేట్ వారానికి 15 మి.గ్రా. మాత్రలు, హైడ్రాక్సీక్లోరోక్విన్, ఫోలిక్ యాసిడ్ వాడుతున్నాను. మొదట్లో కంటే నయమే కానీ పొద్దున లేచాక గంటసేపు పిడికిలి బిగించలేను. మణికట్లు వాచే ఉంటున్నాయి.

ఇక్కడి కన్సల్టెంట్ మెథోట్రెక్సేట్ డోసు 20కి, అప్పటికీ లొంగకపోతే 25కి పెంచుదాం, మాత్రలు మానేసి ఇంజెక్షన్ తీసుకో అంటున్నారు. ఆ మాట ఇంట్లో చెప్పానో లేదో గొడవ మొదలైంది. మా పెద్దమ్మకీ ఇదే జబ్బు. ఏళ్ళ తరబడి 10 మీదే ఉంది. “తెల్లవాళ్ళ డోసు మనకి పడదే, లివర్ పోతుంది” అని రోజూ ఫోన్. మెడికల్ షాపు ఉన్న బావ కూడా అదే పాట.

భయంతో కాదు, తెలుసుకుందామని అడుగుతున్నాను. జాతిని బట్టి ఈ మందులు పనిచేసే తీరు మారుతుందా? అసలు ఈ డోసులు నిర్ణయించినప్పుడు మనలాంటి వాళ్ళ మీద చూశారా?

---

కాకతీయ72 | హనుమకొండ

మందుకి మన కులగోత్రాలు తెలుస్తాయా అమ్మా? డాక్టరు చెప్పింది వేసుకోండి. ఈ జాతి, రక్తం కబుర్లన్నీ పెద్దవాళ్ళ భయాలు.

---

సుమిదా తీరం | టోక్యో

కాకతీయ గారూ, అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. నేను ఉండే దేశంలో ఇదే మందు మీద పెద్ద కథ నడిచింది.

నా భార్యకి ఆర్‌ఏ. అందుకే దీని గురించి కొంచెం చదివాను. జపాన్‌లో మెథోట్రెక్సేట్‌ని రుమటాయిడ్‌కి అనుమతించింది 1999లో. అప్పుడు పెట్టిన గరిష్ఠ పరిమితి వారానికి 8 మి.గ్రా. అమెరికాలో, యూరప్‌లో 20, 25 దాకా వెళ్తున్న కాలంలో ఇక్కడ ఎనిమిదితో సరి. దాన్ని 16కి పెంచింది 2011లో. అంటే పన్నెండేళ్ళు ఒక దేశం మొత్తం మిగతా ప్రపంచం కంటే బాగా తక్కువ డోసు మీద నడిచింది.

దానికి కారణాలు లేకపోలేదు. ఇక్కడివాళ్ళ సగటు బరువు తక్కువ. ఈ మందు కణంలోకి వెళ్ళాక పాలీగ్లూటమేట్ అనే రూపంలో నిలవ ఉంటుంది. తక్కువ డోసుకే జపాన్ పేషెంట్ల ఎర్ర రక్తకణాల్లో ఆ నిలవ బాగా కనిపించిందని ఇక్కడి పరిశోధకులు చూపించారు. ఇక అసలు భయం ఊపిరితిత్తుల గురించి. లెఫ్లునోమైడ్ అని ఇంకో ఆర్‌ఏ మందు ఉంది కదా, అది 2003లో ఇక్కడి మార్కెట్లోకి రాగానే ఊపిరితిత్తుల వాపుతో కొందరు చనిపోయారు. వాడినవాళ్ళలో సుమారు వందకొకరికి ఆ సమస్య వచ్చిందని తర్వాత లెక్క తేలింది. పాశ్చాత్య దేశాల్లో అది చాలా అరుదు. అప్పటినుంచి ఇక్కడి డాక్టర్లు ఛాతీ ఎక్స్‌రే చూడకుండా ఏ మందూ మొదలుపెట్టరు.

ఇంకో కోణం కూడా ఉంది. 8 మి.గ్రా. చాలనివాళ్ళకి డోసు పెంచే దారి మూసుకుపోవడంతో ఖరీదైన బయోలాజిక్ (జీవకణాల్లో తయారుచేసే మందు) ఇంజెక్షన్లకి వెళ్ళాల్సి వచ్చింది. జాగ్రత్త కూడా ఊరికే రాదు మరి.

---

రుమటాలజీ రెసిడెంట్ | హైదరాబాద్

ముందే చెప్తున్నాను: ఇక్కడ ఎవరికీ డోసు చెప్పను, అది మీ డాక్టరుతోనే తేల్చుకోండి. చర్చ బాగుంది కాబట్టి రాస్తున్నా.

జపాన్ విషయం నిజమే. కానీ దాన్ని తెచ్చి తణుకు అమ్మాయికి అంటించలేం. ట్రయల్ కాగితాల్లో ‘ఏషియన్’ అని ఒక గడి ఉంటుంది. అమెరికా లెక్కల్లో ఆ గడిలో జపాన్, కొరియా, చైనా వాళ్ళతో పాటు మనమూ పడతాం. ఇంగ్లండ్‌లో అదే మాట అంటే ఎక్కువగా భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాల వాళ్ళు. జన్యుపరంగా ఒసాకాకీ ఒంగోలుకీ ఎంత దూరమో మీకే తెలుసు. అందుకే ‘ఏషియన్లలో స్పందన ఇలా ఉంది’ అని ఎక్కడైనా కనిపిస్తే అది ఏ ఏషియనో ముందు చూసుకోండి.

మన దేశంలో ఎక్కువ డోసు వాడరన్నది అపోహ. చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి వాళ్ళు 2014లో ఒక ట్రయల్ ప్రచురించారు. కొందరికి 7.5 మి.గ్రా.తో, కొందరికి 15తో మొదలుపెట్టి ఇద్దరికీ క్రమంగా పెంచుకుంటూ పోయారు. 12 వారాలకి జబ్బు అదుపులో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకు అందులో ముఖ్యంగా అనిపించింది ఏమిటంటే, ఎంతతో మొదలుపెట్టినా పెంచడం మాత్రం ఆపలేదు. మన దగ్గర చాలామంది 7.5 దగ్గరో 10 దగ్గరో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. పెద్దమ్మ గారిలాగే. ఆవిడకి అది చాలుతుంటే మంచిదే. చాలకపోయినా అక్కడే ఉంటే మాత్రం వేళ్ళు వంకరపోతాయి.

ఇంజెక్షన్ ఎందుకంటారా, మాత్ర రూపంలో 15 దాటాక పేగు పీల్చుకునేది పెద్దగా పెరగదు. చర్మం కింద ఇస్తే డోసుకి తగ్గట్టు రక్తంలోకి చేరుతుంది. ఇందులో జాతి ప్రసక్తి లేదు, అందరి పేగూ అంతే.

---

ఆకుపసరు సత్యం | రాజమండ్రి

[ఈ పోస్టును నిర్వాహకులు తొలగించారు. ఫోన్ నంబరు, అమ్మకం ప్రకటన ఉన్నందున.]

---

కాకతీయ72 | హనుమకొండ

సత్యం గారికి ఎవరి డోసైనా ఒకటే, ఒక సీసా.

---

హబ్సిగూడ పీహెచ్‌డీ | హైదరాబాద్

జన్యువుల సంగతి నన్ను చెప్పనివ్వండి, నా తిండి అదే.

రుమటాయిడ్‌లో అతి పెద్ద జన్యు కారణం హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1 అనే జన్యువు. ఈ జన్యువు రకాలు వేరైనా వాటిలో ఒకే పోలిక ఉన్న చిన్న అమైనో ఆమ్ల వరుస జబ్బుకి దారితీస్తుందని గ్రెగర్సన్ బృందం 1987లో ప్రతిపాదించింది. ఉత్తర యూరప్ వాళ్ళలో ఎక్కువ కనిపించేది 04:01 అనే రకం. జపాన్, కొరియాల్లో 04:05. భారతీయుల్లో 10:01 కూడా ముఖ్యం. అమెరికా ఆదివాసుల్లో 14:02. పిమా తెగలో అయితే ఈ జబ్బు ఎన్నో రెట్లు ఎక్కువ, వందలో అయిదుగురి దాకా ఉందని పాత సర్వేల లెక్క. మన దేశంలో ఢిల్లీ దగ్గరి గ్రామాల్లో 1993లో ప్రచురించిన సర్వేలో 0.75 శాతం తేలింది.

పీటీపీఎన్22 అనే జన్యువులో ఒక మార్పు యూరప్ వాళ్ళకి పెద్ద రిస్కు. జపాన్‌లో అది దాదాపు లేదు. పీఏడీఐ4 అనే ఇంకో జన్యువు సంగతి మొదట బయటపడింది జపాన్‌లో, 2003లో. ఇవి చూస్తే జాతికో జబ్బు అనిపిస్తుంది. కానీ 2014లో లక్షమందికి పైగా యూరప్, ఆసియా మనుషుల డీఎన్‌ఏ కలిపి చూసినప్పుడు వందకి పైగా జన్యు స్థానాలు తేలాయి. వాటిలో ఎక్కువ భాగం ఇద్దరిలోనూ పనిచేసేవే.

అయితే జబ్బు ఎందుకొస్తుంది అనేది ఒక ప్రశ్న, మందు ఎలా పనిచేస్తుంది అనేది ఇంకో ప్రశ్న. రెండోదానికి మన తెలుగు నేల మీదే బ్రహ్మాండమైన ఉదాహరణ ఉంది, ఆర్‌ఏది కాదు గానీ చెప్పకుండా ఉండలేను. ఆర్యవైశ్యుల్లో కొందరికి బీసీహెచ్ఈ అనే ఎంజైమ్ పుట్టుకతోనే ఉండదు. ఆపరేషన్ ముందు కండరాలు వదులు కావడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మామూలుగా కొద్ది నిమిషాల్లో కరిగిపోవాలి. వీళ్ళలో కరగదు. గంటల తరబడి ఊపిరి యంత్రం మీదే ఉంచాలి. తెలిసిన మత్తు డాక్టరు కమ్యూనిటీ అడుగుతారు, అది వివక్ష కాదు, జాగ్రత్త.

అదే వీధిలో పక్కింటివాళ్ళకి ఈ సమస్య ఉండకపోవచ్చు. తరాలుగా లోపలి పెళ్ళిళ్ళే చేసుకోవడం వల్ల ఒక్కో సమూహం జన్యుపరంగా ఒక్కో దీవి అయింది. మా ఊరి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ వాళ్ళు కలిసి 2009లో ‘నేచర్’లో రాసింది సరిగ్గా ఇదే. ఇప్పుడు చెప్పండి, ‘ఇండియన్ డోసు’ అంటే ఏ ఇండియన్‌ది?

సక్సినైల్‌కోలిన్ కథలో ఒక జన్యువు, ఒక మందు, తేడా స్పష్టం. మెథోట్రెక్సేట్ దారిలో అలాంటి ఒక్క తాళం లేదు. లోపలికి తీసుకెళ్ళే ప్రోటీన్లు, నిలవచేసే ఎంజైములు, బయటికి తోసేవి, ఎన్నో ఉన్నాయి. ఒక్కోదాని ప్రభావం కొంచెం కొంచెం.

---

సుమిదా తీరం | టోక్యో

అన్నా, ఈ ఉదాహరణ మా ఆవిడకి చదివి వినిపించాను. వాళ్ళ అమ్మమ్మ తరఫు వాళ్ళు వైశ్యులే. ఇప్పుడు వంశవృక్షం గీస్తోంది.

---

మాత్రలడబ్బా | డాలస్

ఫార్మసిస్టుని. అమెరికా నుంచి రెండు మూడు విషయాలు.

ఈ దేశంలో 2005లో బైడిల్ అనే గుండె మందుని ‘నల్లజాతి వారికి’ అని లేబుల్ మీద రాసి మరీ అనుమతించారు. అప్పట్లో చాలా గొడవ అయింది. చర్మం రంగు చూసి మందు రాయడం ఏమిటని ఒక వర్గం, ట్రయల్‌లో వాళ్ళకి మేలు కనిపించాక ఇవ్వకపోవడం అన్యాయం కదా అని ఇంకో వర్గం. ఆ వాదన ఇంకా తెమల్లేదు.

మన టాపిక్‌కి దగ్గరిది కిడ్నీ లెక్క. మెథోట్రెక్సేట్ బయటికి పోయేది కిడ్నీల గుండా. కిడ్నీ పనితీరుకి వాడే ఈజీఎఫ్‌ఆర్ ఫార్ములాలో నల్లజాతి వాళ్ళకి ఒక అదనపు గుణకం ఉండేది. అంటే రక్తంలో అదే క్రియాటినిన్‌ (కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) అంకెకి వాళ్ళ కిడ్నీ ఇంకాస్త బాగున్నట్టు చూపించేది. 2021లో దాన్ని తీసేశారు. డోసు తగ్గించాల్సిన మనిషికి ఫార్ములా ‘ఫర్వాలేదు’ అన్న సందర్భాలు ఎన్ని ఉంటాయో ఊహించుకోండి.

దీనికి ఎదురు ఉదాహరణ తెల్ల రక్తకణాలది. ఆఫ్రికా మూలాల వాళ్ళలో చాలామందికి డఫీ అనే జన్యు మార్పు వల్ల న్యూట్రోఫిల్ అనే తెల్ల కణాల సంఖ్య మామూలుగానే తక్కువ. వాళ్ళకి అది ఆరోగ్యమే, ఇన్‌ఫెక్షన్లు ఎక్కువేం రావు. కానీ అజాథయోప్రిన్ లాంటి, రోగనిరోధక శక్తిని అణిచే మందు మీద ఉన్నప్పుడు ల్యాబ్ రిపోర్టులో ఎర్రక్షరాలు చూసి మందు ఆపేస్తారు. జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు రికార్డులో ఏం పడుతుంది? ‘స్పందన సరిగా లేదు’. మందు పనిచేయక కాదు, మందు ఇవ్వక.

సల్ఫాసలజీన్ అనే ఇంకో ఆర్‌ఏ మందు వాడేవాళ్ళకి ఒక మాట. దాన్ని శరీరం విరిచేటప్పుడు ఎన్ఏటీ2 ఎంజైమ్ అవసరం. జపాన్ వాళ్ళలో పదింట తొమ్మిది వంతులమందికి ఇది వేగంగా పనిచేస్తుంది. మనవాళ్ళలో సగానికి మించి నెమ్మది రకం. నెమ్మది రకానికి వికారం, తలనొప్పి ఎక్కువ రావచ్చు. అందుకే చిన్న డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. అదృష్టవశాత్తూ అందరికీ అలాగే చేస్తారు కాబట్టి జాతి అడగక్కర్లేదు.

---

గోదారిపిల్ల | బర్మింగ్‌హామ్

ఎంత బాగా చెప్పారండీ అందరూ. అయితే నాకు ఇంకో సందేహం. ఇక్కడి నర్సు ఒకావిడ, బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ మూలాలామె, మాటల్లో అంది: “మీ వాళ్ళు, మా వాళ్ళు మందు మొదలుపెట్టడమే ఆలస్యం, మొదలుపెట్టాక మానేయడం మాత్రం తొందర” అని. ఇది నిజంగా లెక్క తేలిందా, లేక ఆవిడ విసుగా?

---

రుమటాలజీ రెసిడెంట్ | హైదరాబాద్

విసుగూ ఉండొచ్చు, లెక్కా ఉంది. మీ ఊళ్ళోనే.

బర్మింగ్‌హామ్‌లో కాంతా కుమార్ బృందం 2008లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఆర్‌ఏ, లూపస్ ఉన్న దక్షిణాసియా మూలాల పేషెంట్లనీ, తెల్ల బ్రిటిష్ పేషెంట్లనీ మందుల మీద వాళ్ళ నమ్మకాల గురించి అడిగారు. మందుల వల్ల కీడు జరుగుతుందన్న ఆందోళన మనవాళ్ళలో ఎక్కువ. తర్వాత అదే ఊరి నుంచి, దక్షిణాసియా పేషెంట్లు నిపుణుడి దాకా రావడానికే ఎక్కువ కాలం పడుతోందని ఇంకో పరిశీలన వచ్చింది. వాటికంటే ముందు 2003లో, ఇంగ్లండ్‌లోనే ఇంకోచోట, దక్షిణాసియా వాళ్ళు ఈ రకం మందుల మీద తక్కువకాలం కొనసాగుతున్నారని రాశారు.

ఇప్పుడు ఆలోచించండి. ఆర్‌ఏలో మొదటి కొన్ని నెలలు బంగారం. ఆలస్యంగా వచ్చి, భయంభయంగా వాడి, మూడో నెలలో మానేసిన మనిషికి కీళ్ళు అరిగితే దాన్ని జన్యువుల ఖాతాలో వేయగలమా? కొంతమంది పరిశోధకులు వేశారు. నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు.

---

కాకతీయ72 | హనుమకొండ

అంటే చివరికి తప్పు పేషెంట్లదే అంటారు. బాగుంది. ఇక్కడ రుమటాలజిస్టు దొరకాలంటే జిల్లా దాటాలి, ఆ సంగతి ఎవరూ రాయరు.

---

కొండవాలు | పాడేరు

కాకతీయ గారికి నా ఓటు.

మా అమ్మకి చేతులు వాచినప్పుడు మొదట వెళ్ళింది ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి. పొట్లాల్లో కట్టిన మాత్రలు ఇచ్చాడు. రెండు రోజుల్లో అమ్మ లేచి పరిగెత్తింది. దేవుడనుకున్నాం. అవి స్టెరాయిడ్ అని తెలిసేసరికి మొహం ఉబ్బి, షుగరు వచ్చి, ఎముక గుల్లబారింది. అప్పుడు వైజాగ్ తీసుకెళ్ళాం. మెథోట్రెక్సేట్ రాశారు. అక్కడ కూడా చీటీ మీద ఇంగ్లీషులో ‘వారానికి ఒకసారి’ అని ఉంది, షాపులో కుర్రాడు ‘రోజుకొకటి’ అని కవరు మీద గీశాడు. మా చెల్లి నర్సింగ్ చదువుతోంది కాబట్టి పట్టుకుంది. లేకపోతే ఏమయ్యేదో.

ఇదంతా అయ్యాక ఒక పెద్ద డాక్టరు “ట్రైబల్ పేషెంట్స్‌కి రెస్పాన్స్ పూర్‌గా ఉంటుంది” అన్నాడు మా ముందే. మా జాతికి మందు పనిచేయలేదా, మా ఊరికి మందు చేరలేదా?

---

మాత్రలడబ్బా | డాలస్

చెల్లికి దండం పెట్టాలి. మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే నోరంతా పుళ్ళు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ప్రపంచమంతా ఈ పొరపాటు జరుగుతోంది. దయచేసి అందరూ వారంలో ఒక రోజు పేరు పెట్టుకోండి, ఆ రోజు పేరు చీటీ మీద తెలుగులో రాయించుకోండి. ‘ఆదివారం మాత్ర’ అంటే ఎవరూ మర్చిపోరు.

---

రుమటాలజీ రెసిడెంట్ | హైదరాబాద్

కొండవాలు గారూ, మీ ప్రశ్నే ఈ రంగంలో అసలు ప్రశ్న. అమెరికాలో అప్పట్లో కొరోనా అని పిలిచిన ఆర్‌ఏ రిజిస్ట్రీ (పేషెంట్ల వివరాల జాబితా) ఉంది (వైరస్ కాదు, అంతకుముందే పెట్టిన పేరు). బయోలాజిక్ మందులు బాగా వాడకంలోకి వచ్చాక కూడా నల్లజాతి, హిస్పానిక్ పేషెంట్లలో జబ్బు పూర్తిగా అణిగినవాళ్ళు తెల్లవాళ్ళ కంటే తక్కువేనని 2013లో ఆ రిజిస్ట్రీ నుంచి ప్రచురించారు. అందరికీ జబ్బు కొంత తగ్గింది, అంతరం మాత్రం పోలేదు. దాన్ని జన్యువు అనాలా, బీమా అనాలా, భాష అనాలా?

పైగా కొలిచే కర్ర మీదే నాకు అనుమానం. మేము డీఏఎస్28 అని ఒక స్కోరు వాడతాం. 28 కీళ్ళలో ఎన్ని నొప్పి, ఎన్ని వాపు, ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపుని సూచించే రక్తపరీక్ష) ఎంత, ‘మొత్తం మీద ఎలా ఉన్నారు’ అన్న ప్రశ్నకి పేషెంటు నూటికి ఎంత వేసుకున్నారు, ఇవి నాలుగూ కలిపి.

ఈఎస్‌ఆర్ చూడండి. రక్తహీనత ఉంటే అది దానంతట అదే పెరుగుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత. ఆర్‌ఏ వచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళకే. అంటే కీళ్ళు శాంతించినా స్కోరు దిగదు. కాగితం మీద ‘స్పందన లేదు’. ఐరన్ లోపం సరిచేస్తే స్కోరు కొంత దిగుతుంది, ఏ బయోలాజిక్కూ లేకుండానే.

ఇక నూటికి ఎంత అన్న ప్రశ్న. మా ఓపీలో ఒక మామ్మ గారు ఎప్పుడడిగినా “ఎనభై” అంటారు. కీళ్ళు చూస్తే వాపు ఉండదు. విషయమేమిటంటే మోకాలు అరిగింది, కొడుకు దూరంగా ఉన్నాడు, రాత్రి నిద్ర లేదు. ఆ ఎనభైలో రుమటాయిడ్ వాటా ఎంత? అలాగే నొప్పి భరించి “బానే ఉన్నానయ్యా, ఇరవై” అనేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మణికట్టు మీద చెయ్యేస్తే మండుతుంటుంది. నొప్పి చెప్పుకునే తీరు ఇల్లూ ఊరూ నేర్పేది. ఆ అంకెని తీసుకెళ్ళి జాతుల మధ్య పోలిక పెడితే ఎంతవరకు నిలుస్తుంది?

అందుకే ఏ అధ్యయనం చదివినా వాపు ఉన్న కీళ్ళ సంఖ్యనీ, సీఆర్‌పీ అనే వాపు రక్తపరీక్షనీ విడిగా చూస్తాను. వాటికి సంస్కృతి తక్కువ అంటుకుంటుంది.

---

హబ్సిగూడ పీహెచ్‌డీ | హైదరాబాద్

డాక్టర్ గారితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, జన్యువులని పూర్తిగా బెంచీ ఎక్కించకండి. అజాథయోప్రిన్‌కి టీపీఎంటీ పరీక్ష (ఆ మందుని విరిచే ఎంజైమ్‌ది) అని యూరప్ వాళ్ళు దశాబ్దాలుగా చేశారు. ఆసియాలో ఆ పరీక్ష నార్మల్ వచ్చినా తెల్లకణాలు దబ్బున పడిపోయి జుట్టు ఊడిపోయిన కేసులు ఉండేవి. కారణం ఎన్‌యూడీటీ15 అనే ఇంకో జన్యువని 2014లో కొరియా పేషెంట్లలో తేలింది. ఆ మార్పు యూరప్ వాళ్ళలో అరుదు, తూర్పు ఆసియాలో ఎక్కువ, మనలోనూ ఉంది. తెల్లవాళ్ళలోనే వెతికి ఉంటే అది ఎప్పటికి దొరికేది? వైవిధ్యం ఉన్న ట్రయల్ కావాలనేది దానధర్మం కాదు, అందరికీ పనికొచ్చే సైన్స్.

---

రుమటాలజీ రెసిడెంట్ | హైదరాబాద్

బెంచీ ఎక్కించలేదు సార్, హాజరు వేయమంటున్నాను అంతే. అజాథయోప్రిన్ మొదలుపెట్టే ముందు ఎన్‌యూడీటీ15 చూడటం నాకూ ఇష్టమే. మెథోట్రెక్సేట్‌కి అలాంటి పరీక్ష లేదు.

---

శారదా మేడమ్ | నెల్లూరు

ఆ మాట మీదే అడుగుతున్నా. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో చూసి ఎమ్‌టీహెచ్‌ఎఫ్‌ఆర్ జీన్ టెస్ట్ చేయిద్దాం అంటున్నాడు. దాన్నిబట్టి మెథోట్రెక్సేట్ పడుతుందో లేదో తెలుస్తుందట. వేలల్లో ఉంది ఖర్చు. నాకు ఆర్‌ఏ, 60 ఏళ్ళు.

---

హబ్సిగూడ పీహెచ్‌డీ | హైదరాబాద్

వద్దు మేడమ్. ఆ జన్యువులో 677 అనే చోట మార్పు దక్షిణ భారతీయుల్లో యూరప్ వాళ్ళ కంటే తక్కువ, 1298 దగ్గరి మార్పు ఎక్కువ. ఆ సంగతి పరిశోధనకి పనికొస్తుంది. కానీ ఒక పేపరులో దుష్ప్రభావాలు ఎక్కువ అని వస్తే ఇంకో పేపరులో ఏ సంబంధమూ లేదని వస్తుంది. దాన్నిబట్టి డోసు మార్చమని చెప్పే స్థితి లేదు. ఆ డబ్బుతో లివర్ టెస్టు, బ్లడ్ కౌంట్, క్రియాటినిన్ టైముకి చేయించుకోండి. మీ ఒంటికి మందు పడుతోందో లేదో చెప్పేవి అవే.

---

సుమిదా తీరం | టోక్యో

ఇంకొక్క జాతి-మందు తేడా చెప్పి వెళ్తాను. టోఫాసిటినిబ్ అనే ఆర్‌ఏ మాత్ర వాడేవాళ్ళకి సర్పి, అదే హెర్పిస్ జోస్టర్, వచ్చే అవకాశం పెరుగుతుంది. ట్రయళ్ళలో మిగతా ప్రపంచం కంటే జపాన్, కొరియాల్లో అది స్పష్టంగా ఎక్కువ. కారణం ఇప్పటికీ తేలలేదంటారు ఇక్కడి డాక్టర్లు. మా ఆవిడకి ఆ మాత్ర రాసే ముందు టీకా గురించి మాట్లాడారు.

---

రుమటాలజీ రెసిడెంట్ | హైదరాబాద్

మన దగ్గర ఆ మాత్ర జెనరిక్ రూపంలో చవగ్గా వచ్చాక విరివిగా రాస్తున్నారు, కాబట్టి ఇది మనకీ అవసరమైన ముచ్చటే. షింగ్రిక్స్ అనే సర్పి టీకా ఇండియాలో 2023 నుంచి ఉంది, ఖరీదు ఎక్కువ. యాభై దాటి గుండె జబ్బు రిస్కు ఉన్నవాళ్ళకి, పొగతాగేవాళ్ళకి ఈ మాత్ర రాసే ముందు ఇంకా ఆలోచించాలి. 2022లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో గుండెపోటు, క్యాన్సర్ రిస్కు టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్ల (ఒక రకం బయోలాజిక్) కంటే ఎక్కువ తేలింది.

మనకి సర్పి కంటే పెద్ద భయం టీబీ. ప్రపంచంలోని టీబీ కేసుల్లో సుమారు పావు వంతు ఇండియావే. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే బయోలాజిక్ వాడినవాళ్ళలో దాగి ఉన్న టీబీ బయటపడుతోందని 2001లో అమెరికా నుంచి రిపోర్టు వచ్చింది. బయోలాజిక్ ముందు ఎక్స్‌రే, టీబీ పరీక్షలు తప్పవు, పాజిటివ్ అయితే ముందుగా నివారణ మందు. దీన్ని కూడా కొందరు ‘ఇండియన్లకి బయోలాజిక్స్ పడవు’ అని ప్రచారం చేస్తారు. పడకపోవడం కాదు, మన చుట్టూ ఉన్న క్రిమి వేరు. బర్మింగ్‌హామ్‌లో ఉన్నా చిన్నప్పుడు తణుకులో పెరిగారు కాబట్టి, గోదారిపిల్ల గారూ, ముందుముందు బయోలాజిక్ మాట వస్తే ఈ సంగతి మీ డాక్టరుకి మీరే గుర్తుచేయండి.

---

కాకతీయ72 | హనుమకొండ

బయోలాజిక్స్ అంటే గుర్తొచ్చింది. రిటక్సిమాబ్‌కి మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే చవక రూపం తెచ్చింది. అడలిముమాబ్‌కి ప్రపంచంలో మొదటి బయోసిమిలర్ (అదే మందుకి దగ్గరి నకలు) 2014లో జైడస్ వాళ్ళది. తయారీ మన దేశంలో, మొదటి ట్రయళ్ళు తెల్లవాళ్ళ మీద, దొరకనిది పాడేరులో. ఈ లెక్క ఎవరైనా సరిచేయండి.

---

కొండవాలు | పాడేరు

👏

---

గోదారిపిల్ల | బర్మింగ్‌హామ్

నిన్న కన్సల్టెంట్‌తో మాట్లాడాను. ఇక్కడ రాసినవి చాలావరకు ప్రశ్నలుగా మార్చుకుని వెళ్ళాను. నా బరువు, కిడ్నీ, లివర్ రిపోర్టులు చూపించి, జాతి కంటే ఇవి ముఖ్యం అని ఆవిడ కూడా అన్నారు. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిలవ పరీక్ష) అడిగి చేయించుకుంటే బాగా తక్కువ వచ్చింది, ఐరన్ రాశారు. ఛాతీ ఎక్స్‌రే పాతది ఉంది, కొత్తది తీస్తారు. ఇంజెక్షన్ 20తో మొదలుపెడుతున్నాను. 25 సంగతి మూడు నెలల తర్వాత.

పెద్దమ్మకి ఫోన్ చేసి “నువ్వు వేసుకునేది పదీ, నేను వేసుకునేది ఇరవై, కానీ నా బరువు నీకంటే ఇరవై కిలోలు ఎక్కువ” అన్నాను. దానికి మాత్రం నోరు మెదపలేదు. బావ మాత్రం ఫోలిక్ యాసిడ్ రోజూ వేసుకో, ఎంత వేసుకుంటే అంత మంచిది అంటున్నాడు. అదైనా నిజమా?

---

రుమటాలజీ రెసిడెంట్ | హైదరాబాద్

దీనికీ మన దేశపు జవాబే ఉంది. ఫోల్వారి అని 2015లో వచ్చిన ట్రయల్. ఫోలిక్ యాసిడ్ వారానికి 10 మి.గ్రా., 30 మి.గ్రా. పోల్చి చూశారు. ఎక్కువ ఇచ్చినందుకు అదనపు లాభం కనిపించలేదు. మీ క్లినిక్ రాసినంత వేసుకోండి చాలు.

---

కొత్త సభ్యురాలు_ఏలూరు | ఏలూరు

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మా చెల్లికి 26, ఆర్‌ఏ, మెథోట్రెక్సేట్ మీద ఉంది. సంబంధం కుదిరింది, మాఘంలో పెళ్ళి. పిల్లల సంగతి ఎవరిని అడగాలో తెలియట్లేదు, అబ్బాయి వాళ్ళకి ఇంకా చెప్పలేదు.

---

మాత్రలడబ్బా | డాలస్

అమ్మా, గర్భం కోసం ప్రయత్నించే ముందే మెథోట్రెక్సేట్ ఆపాలి, అది బిడ్డకి హాని చేస్తుంది. అంతవరకు గర్భం రాకుండా జాగ్రత్త తప్పదు. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ లాంటివి గర్భంలో కూడా వాడొచ్చు, కాబట్టి దారి ఉంది, టెన్షన్ పడకండి. సొంతంగా మాత్రం ఆపేయొద్దు, పెళ్ళికి ముందే చెల్లిని రుమటాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి.

---

నిర్వాహకులు

ఏలూరు సభ్యురాలి ప్రశ్నకి ‘గర్భం – ఆర్‌ఏ మందులు’ అని వేరే చర్చ తెరిచాము. దానికి సంబంధించిన జవాబులు అక్కడ రాయండి. అబ్బాయి వాళ్ళకి చెప్పాలా వద్దా అన్న వాదన కూడా అక్కడే.